విశ్రాంతి కావాలంటే మర్యాద లేని చోటికి వెళ్ళాలి

అమలాపురం నుంచి ఒకరు అడిగారు: పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళిపోయారు, మేమిద్దరం కొన్నాళ్ళు ఊరికే కూర్చుని రావడానికి నాసిక్ వైన్ తోటలకు వెళ్దామనుకుంటున్నాం, అక్కడ స్నేహితులు కూడా ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్ళేమో "మందు కోసమైతే యానాం పక్కనే ఉంది కదా" అంటున్నారు, అంత దూరం వెళ్ళడం దండగేనా అని.

దండగ కాదు, వెళ్ళండి. పెద్దవాళ్ళకు జవాబు నేను చెబుతాను. యానాంను ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఏలారన్న మాటే గానీ, అక్కడ మీకు ద్రాక్ష పందిరి కనపడదు. కనపడేవి సీసాల దుకాణాలు, వాటి ముందు మన జిల్లా మోటారు సైకిళ్ళు. వైన్ ద్రాక్షకు పగలు ఎండ, రాత్రి చలి, కాయ పండే వేళకు పొడి గాలి కావాలి. మన దగ్గర డిసెంబరులో ఆరేసిన బట్ట కూడా సాయంత్రానికి చెమ్మగానే ఉంటుంది. నాసిక్ సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. యూరప్‌లో కోతలు ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య జరిగితే, వీళ్ళు వానలు వెళ్ళాక తీగలు కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. గుత్తులు చూడాలంటే ఆ నెలల్లోనే వెళ్ళాలి. వానాకాలంలో కొండలు పచ్చగా బాగుంటాయి, పందిళ్ళకు మాత్రం ఆకులే. శని, ఆదివారాలు వద్దు. ముంబయి, పుణె కార్లన్నీ అక్కడే ఉంటాయి.

మేము వెళ్ళింది నా డిగ్రీ నాటి స్నేహితుడి దగ్గరికి. వాడిది పాలకొల్లు, ఉద్యోగం పేరుతో వెళ్ళి నాసిక్‌లోనే స్థిరపడ్డాడు. గంగాపూర్ ఆనకట్ట నీటి ఒడ్డున ఉన్న తోటలకు తీసుకువెళ్ళాడు. 1990ల చివర సులా అనే వైన్ కంపెనీ వాళ్ళు మొదలుపెట్టాక చుట్టుపక్కల మరికొన్ని వచ్చాయి. ఆ నీళ్ళు మన గోదావరివే, త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి అప్పుడే కొండ దిగిన గోదావరి. వాడు చేయి చాపి "ఒరేయ్, ఈ నీళ్ళే మీ ఊరికి వస్తాయి" అన్నాడు. మాట అందంగానే ఉంది గానీ లెక్క తప్పు. నది పొడవు 1465 కిలోమీటర్లు, దారిలో పైఠణ్ దగ్గర జాయక్‌వాడీ జలాశయం కాచుకుని ఉంది. ధవళేశ్వరానికి వచ్చే వరదలో ఎక్కువ భాగం ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చేదే. ఇదంతా వివరిస్తుంటే వాడి భార్య "అన్నయ్య గారూ, మీరు సెలవులో ఉన్నారు" అన్నారు.

రుచి చూపించే బల్ల దగ్గర మా ఆవిడ, తాగను, వాసన మాత్రం చూస్తానంది. అక్కడి కుర్రవాడు గ్లాసు అడుగున కాస్త పోసి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకోమన్నాడు. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల రకం. నేను ఏదో పండు అని గొణిగాను. ఆవిడ ఒక్కసారి పీల్చి "దోరజామ" అంది. ఆ రకానికి జామ వాసన ఉంటుందని మాకు చెప్పబోతున్న కుర్రవాడు మాట మింగేశాడు. ఇక ప్రశ్నలన్నీ ఆవిడవే. మా దగ్గర పొద్దున దింపిన తాటికల్లు మధ్యాహ్నానికి తనంతట తానే పులుస్తుంది, దీనికి ఇంత పెద్ద స్టీలు ట్యాంకులు, చల్లబరిచే యంత్రాలు ఎందుకు బాబూ అని అడిగింది. వేడి మీద గబగబా పులిస్తే ఆ జామ వాసన ఎగిరిపోతుందట. అందుకే తెల్ల రకాల రసాన్ని చల్లగా ఉంచి నెమ్మదిగా పులియబెడతారట. ఎర్ర రకాలనైతే తొక్కలతో సహా పులియనిస్తారు, రంగు ఆ తొక్కలదే.

వైన్ సంగతి అక్కడితో సరి. నాకు గుర్తుండిపోయింది కుర్చీ. సాయంత్రం వరండాలో నాలుగు కుర్చీలు చూపించి వెళ్ళిపోయారు. చీకటి పడేదాకా ఒక్కరూ రాలేదు. మీది ఏ ఊరు, పిల్లలు ఎంతమంది, ఇంకాస్త ఏమైనా వడ్డించమంటారా, ఏమీ లేదు. నలుగురం మాట్లాడుకున్నాం, మాటలు అయిపోయాక ఊరుకున్నాం. లేచేటప్పుడు మా ఆవిడ "భోజనం చేశారా అని ఒక్కరూ అడగలేదండీ" అంది. అది సంతోషమో ఫిర్యాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ తర్వాత ఆగస్టులో వాళ్ళిద్దరూ మా ఊరు వచ్చారు. రాజోలు దగ్గర ఒక పల్లె మాది. కోనసీమలోకి రైలు ఎప్పుడు వస్తుందో అడగకండి, నా జుట్టు నెరిసింది. పాలకొల్లులో దింపుకుని, చించినాడ వంతెన మీదుగా కారులో తీసుకువచ్చాను. వాడి కోరికలు రెండే: పులస పులుసు, కాలువ గట్టున ఒక కుర్చీ. పులస దొరికింది, ధర చెప్పను. కుర్చీ దొరకలేదు.

అంటే కుర్చీ వేసుకున్నాడు. వేసుకున్నది కొబ్బరిచెట్టు కింద కాబట్టి కొబ్బరికాయల దింపు తీసే అతను పరుగున వచ్చి దాన్ని అవతలికి జరిపాడు. రిసార్టుల బొమ్మల్లో అలాగే వేస్తారు గానీ, కోనసీమలో పుట్టినవాడు పైకి చూడకుండా చెట్టు కింద కూర్చోడు. సరే, జరిపాక కాఫీ గ్లాసుతో కూర్చున్నాడో లేదో, పక్కింటివాళ్ళు కొబ్బరి బొండాలు కొట్టి తెచ్చారు. మా పెద్దమ్మ పెసరట్టు, ఉప్మా పంపింది. ఇంట్లో అప్పటికే ఇడ్లీలు పొయ్యి మీద ఉన్నాయి. ఇంతలో మా పినతండ్రి కొడుకు వచ్చి "అన్నయ్య ఇంట్లో తిని మా ఇంట్లో తినరా?" అని నిలదీశాడు. అక్కడ తిని వస్తుంటే ఎదురింటి అత్తయ్య గుమ్మంలో నిలబడి, మా ఇంట గుక్కెడు మంచినీళ్ళయినా ముట్టలేదు కదా బాబూ అంటూ కళ్ళు ఒత్తుకుంది. మధ్యాహ్నం వాడు పాపం విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పడింది.

వాడి భార్య తెలివైన మనిషి. తలనొప్పి అని చెప్పి గది తలుపు వేసుకున్నారు. కాసేపటికే ఆ వార్త వీధి చివరకు చేరింది. ఒకావిడ శొంఠి కాఫీతో, ఒకావిడ అమృతాంజనంతో, ఇంకొకావిడ దిష్టి తీయడానికి ఉప్పు, ఎండుమిరపకాయలతో వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు కదా, మంచం చుట్టూ కూర్చుని తమతమ తలనొప్పుల చరిత్ర చెప్పారు. లేని తలనొప్పి సాయంత్రానికి నిజంగానే వచ్చింది.

గోదావరి జిల్లాల మర్యాదను లోకమంతా పొగుడుతుంది. నా ఉద్దేశంలో అందులో సగం అతిథి కోసం చేసేది కాదు. మా ఇంట తినకుండా వెళ్ళాడన్న మాట పక్కింటికి చేరకూడదు, అదీ అసలు భయం. వచ్చినవాడు అలసిపోయాడా, ఒంటరిగా కాసేపు ఉండాలనుకుంటున్నాడా అన్నది ఎవరి లెక్కలోనూ ఉండదు. రిసార్టులో దిగవచ్చు కదా అంటారా? అక్కడ చుట్టాలు ఉండరు, డ్రోన్లు ఉంటాయి. పెళ్ళికి ముందే ఫొటోలు తీయించుకునే జంటలు మిమ్మల్ని "కాస్త పక్కకు జరగండి అంకుల్" అంటారు. పాపికొండల పడవ ఎక్కితే స్పీకర్ల మోతలో పక్క మనిషి మాట వినపడదు.

ఉపాయం మా ఆవిడే కనిపెట్టింది. మర్నాడు పొద్దున్నే అంతర్వేది దర్శనం అని చెప్పి మమ్మల్ని బయటపడేసింది. దర్శనానికి ఎవరూ అడ్డు చెప్పలేరు. స్వామిని చూసుకుని వస్తూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించింది, అంటే మనుషుల్ని, బళ్ళను ఏరు దాటించే పెద్ద పడవ. వరద తగ్గింది గానీ నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వశిష్ఠ గోదావరి పాయ దాటి నరసాపురంలో అందరూ దిగారు, మేము దిగలేదు. మళ్ళీ ఇవతలికి, మళ్ళీ అవతలికి. టికెట్లు ఇచ్చే అతను "మీరు వెళ్ళేది ఎక్కడికండి?" అన్నాడు. "ఎక్కడికీ కాదండి" అని మా వాడు మళ్ళీ డబ్బులు ఇచ్చాడు. మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, బడి పిల్లలు, ఎవరి తొందరలో వాళ్ళు. నడి గోదావరిలోకి పెసరట్టు పట్టుకురావడం ఏ పెద్దమ్మ వల్లా కాదు. వాడి భార్య మా ఆవిడ భుజానికి ఆనుకుని హాయిగా నిద్రపోయారు. ఆ ప్రయాణం మొత్తంలో వాళ్ళు విశ్రాంతి తీసుకున్నది ఆ పంటు మీదే.

మీకు నాసిక్‌లో స్నేహితులు ఉన్నారన్నారు కాబట్టి చెబుతున్నాను: పగలు వాళ్ళతో తిరగండి, రాత్రి బస మాత్రం తోటలోనో హోటల్లోనో పెట్టుకోండి. వాళ్ళు మన జిల్లావాళ్ళయితే ఇది తప్పనిసరి. ఇంట్లో పెద్దవాళ్ళకు షిరిడీ వెళ్తున్నామని చెప్పండి. అబద్ధం కూడా కాదు. కాకినాడ నుంచి షిరిడీకి రైలు ఉంది, రోజూ ఉండదు, ఏ వారమో చూసుకోండి. దర్శనం అయ్యాక అక్కడి నుంచి నాసిక్‌కు రోడ్డు దారిలో సుమారు 90 కిలోమీటర్లు. పంచవటి, త్ర్యంబకేశ్వరం కూడా కలుపుకుంటే ఇంకెవరూ నోరెత్తరు. సీసా ఏదైనా వెంట తెచ్చుకోవాలనుకుంటే రాష్ట్రాలు దాటించే నిబంధనలు ముందే కనుక్కోండి. ప్రసాదం పొట్లాలు మాత్రం అనుకున్నదానికి రెట్టింపు తీసుకోండి, అందనివాళ్ళు ఇంటికి వచ్చి మరీ అడుగుతారు.