సమాధానం: నాన్నగారికే ఫ్లూ ఎందుకు ముదిరింది? ప్రోబయాటిక్ మాత్రలు చాలవా?

నాన్నగారి బరువు 98 కిలోలని, షుగర్ లేకపోయినా ఫ్లూ ముదిరి న్యుమోనియా అయిందని, ఆయన తిండి తెల్లన్నం, పెరుగేనని, ప్రోబయాటిక్ మాత్రలు (పేగులకు మేలు చేసే బ్యాక్టీరియా ఉన్నవి) వేస్తున్నామని రాశారు. షుగర్ లేకపోయినా ఆయనకు ఫ్లూ న్యుమోనియా దాకా వెళ్లడానికి ఆ 98 కిలోల బరువే ముఖ్య కారణం అయ్యుంటుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని) పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం పూర్తిగా తెరుచుకోదు. ఆ కొవ్వు నుంచే ఒంటి లోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) కలిగించే రసాయనాలు నిత్యం రక్తంలో కలుస్తుంటాయి. బరువు ఎక్కువున్నవారికి ఫ్లూ ముదురుతుందని 2009 స్వైన్ ఫ్లూ అప్పుడే డాక్టర్లు గుర్తించారు.

రెండు నెలలుగా ఆ ప్రోబయాటిక్ మాత్రలు వేస్తున్నామన్నారు. అందరూ వదిలేసేది ఇక్కడే: పేగుల్లోని బ్యాక్టీరియాకు తిండి కావాలి, అది పీచు. తెల్లన్నం, పెరుగుతో వాటికి దక్కేది బాగా తక్కువ. పీచును పులియబెట్టి అవి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి, వాపును అదుపులో ఉంచేవి అవే. పీచు ఎక్కువ పెట్టిన ఎలుకలు ఫ్లూను మెరుగ్గా తట్టుకున్నాయి. మనుషుల్లో అంత స్పష్టంగా తేలలేదు, అయినా బరువు తగ్గడానికైనా ఇదే దారి.

1. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర పెట్టండి. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి పప్పు, తోటకూర పెంచండి. రోజుకు 30 గ్రాముల పీచు అందాలి.
2. ఒక్కసారిగా పెంచితే గ్యాస్ పట్టేస్తుంది, మెల్లగా పెంచండి.
3. ఏటా ఫ్లూ టీకా వేయించండి.
4. మళ్లీ జ్వరం, దగ్గు మొదలైతే 48 గంటల్లోపే డాక్టర్‌కు చూపించండి, ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది అప్పుడే. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.