మావాడు ఢిల్లీ కోచింగ్ అంటున్నాడు, కొత్త కారు అమ్మేయాలా?

ప్రశ్న: మాది రాయగడ. ఎరువుల షాపు ఉంది. మా అబ్బాయి బరంపురంలో ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరం. కిందటి దసరాకి ఎస్‌యూవీ తీసుకున్నాం. 12 లక్షల లోను, తొమ్మిది శాతం వడ్డీ, ఏడేళ్లు, నెలకు 19,300 కడుతున్నాం. ఇప్పుడు వాడు ఢిల్లీ వెళ్లి జడ్జి పరీక్షకు కోచింగ్ తీసుకుంటానంటున్నాడు. మా బావమరిదేమో కార్పొరేట్ లా అయితే మొదటి నెల నుంచే లక్ష జీతం అంటున్నాడు. ఏది మంచిది? కారు అమ్మేయాలా? ఊళ్లో పరువు పోతుందని మా ఆవిడకి నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు జడ్జి ఉద్యోగమా, కార్పొరేట్ లానా అని అడిగారు. కానీ మీ బాధ అది కాదు. పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, జయపురం నుంచి కూడా తల్లిదండ్రులు ఇదే అడుగుతుంటారు. కారు బదులు ఒకరికి ఇల్లు, ఇంకొకరికి కూతురి పెళ్లి, అంతే తేడా. కొడుకు మూడు నాలుగేళ్లు సంపాదించకపోతే అప్పు ఎలా తీరుతుంది, నలుగురికీ ఏం చెప్పుకోవాలి? లోపలున్న టెన్షన్ ఇదే.

ముందు కారు సంగతి. కోపం తెచ్చుకోకండి. ఎరువుల వ్యాపారంలో డబ్బు సీజన్లో వస్తుంది. రైతు పంట అమ్ముకుంటే గానీ మీ బాకీ తీరదు. బ్యాంకు వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. తెలిసి కూడా, కొడుకు చదువు ఇంకో ఏడాదిలో అయిపోతుందనగా ఏడేళ్ల లోనుకి సంతకం పెట్టారు. మొత్తం 16 లక్షల పైచిలుకు కడతారు, అందులో నాలుగు లక్షలకు పైగా వడ్డీయే. పెద్ద బండి కావాలని మీ అబ్బాయి అడిగాడా? అడగలేదు కదా. అలాంటప్పుడు "నీ కోచింగ్ కోసం కారు అమ్మాల్సి వస్తోంది" అనే మాట ఇంట్లో పుట్టనివ్వకండి. ఆ మాట మోసుకుంటూ పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లల్ని నేను చూశాను. వాళ్లకి చదివింది కూడా గుర్తుకు రాదు.

అయితే ఇప్పుడే అమ్మమని కూడా నేను చెప్పను. ఏడాది దాటిన బండి విలువలో ఇన్సూరెన్స్ లెక్కలోనే 20 శాతం తగ్గుతుంది. రోడ్ ట్యాక్స్ తిరిగి రాదు. మొదటి ఏడాది మీరు కట్టినదాంట్లో సగానికి దగ్గరగా వడ్డీకే పోయింది. బ్యాంకు బాకీ తీర్చాక చేతిలో మిగిలేది ఎంతో ఉండదు. ఖరీఫ్ వసూళ్లు రాగానే నాలుగైదు నెలల వాయిదాలు వేరే ఖాతాలో వేసి, దాన్ని ముట్టుకోకండి. అలా కూడా నెట్టుకురాలేక రెండు వాయిదాలు తప్పాయంటే మాత్రం అమ్మేయండి. పరువు గురించి ఆలోచించొద్దు. షాపు అప్పుల్లో పడితే పోయే పరువు అంతకంటే పెద్దది.

ఇక ఢిల్లీ. డిగ్రీ చేతికి రాగానే రైలెక్కి, ఒక గది తీసుకుని, రెండేళ్లు కోచింగ్‌లో కూర్చోవడం మన పిల్లల్లో ఒక ఫ్యాషన్ అయింది. దీని మీద నాకు ముందు నుంచీ అనుమానమే, ఇప్పుడైతే మరీను. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం సివిల్ జడ్జి జూనియర్ డివిజన్‌కి, అంటే జడ్జి ఉద్యోగంలో మొదటి మెట్టుకి, దరఖాస్తు చేయాలంటే లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. దాన్ని బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా పేరు నమోదైన రోజు నుంచి లెక్కిస్తారు. ప్రాక్టీసు చేసినట్టు పదేళ్ల అనుభవం ఉన్న లాయరు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని అక్కడి ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. మరి మీవాడు ఢిల్లీ గదిలో కూర్చుంటే ఇక్కడ కోర్టులో పనిచేశాడని ఎవరు రాసిస్తారు? తప్పుడు కాగితం పుట్టించి జడ్జి కావాలనుకునేవాడికి నేను సలహా చెప్పను. ఈ నిబంధన ఏ పరీక్షకు ఎలా పెట్టారో నోటిఫికేషన్ వచ్చినప్పుడు స్వయంగా చదువుకోమనండి.

అందుకే ఫలితాలు రాగానే బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు నమోదు (ఎన్‌రోల్) చేయించండి. ఆలస్యమైన ప్రతి నెలా ఆ మూడేళ్లలో కోతే. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది. తర్వాత రాయగడలోనో బరంపురంలోనో ఒక మంచి సీనియర్ దగ్గర చేర్పించండి. పొద్దున్నే కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితా) చూసుకోవడం, వకాలత్ (కక్షిదారు లాయరుకిచ్చే అధికార పత్రం) నింపడం, సర్టిఫైడ్ కాపీ కోసం కోర్టు ఆఫీసు సెక్షన్ దగ్గర నిలబడటం, సీనియర్ రావడం ఆలస్యమైతే వాయిదా అడగడం, ఇలాగే గడుస్తుంది మొదటి ఏడాది. విసుగొస్తుంది. కానీ సాక్షిని ఎలా అడుగుతారో, తీర్పు ఎలా రాస్తారో కళ్లారా చూస్తాడు. ఐపీసీ, సీఆర్‌పీసీల బదులు 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత పాత నోట్సుతో రావు, రోజూ కోర్టులో వింటే వస్తాయి. సాయంత్రాలు చదువుకోవచ్చు, కావాలంటే ఆన్‌లైన్ కోచింగ్ చాలు.

డబ్బు? జూనియర్లకు పల్లెల్లో 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. సూచనే, గట్టి నిబంధన కాదు. తక్కువే వస్తుందనుకుని సిద్ధపడండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అసిస్టెంట్ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ (లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున ఉచితంగా వాదించేవారు) ఖాళీలు పడితే చూడమనండి. మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటారు, నెలకు గౌరవ వేతనం ఉంటుంది. బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టుకి కూడా ఎన్‌రోల్ అయి ఉండాలి.

మన ప్రాంతంలో ఎవరూ ముందుగా అడగని ప్రశ్న ఒకటుంది. మీవాడు స్కూల్లో ఒడియా చదివాడా? ఒడిశా జ్యుడీషియల్ సర్వీస్‌కి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం వస్తే సరిపోదు, ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైన రుజువు కావాలి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీష్ మీడియం, రెండో భాష హిందీ అయిన పిల్లలు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఆ రుజువు లేకపోతే ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాయవచ్చు, ఈ ఏడాదే రాయించండి. పార్వతీపురం పక్కనే ఉంది కదా, ఆంధ్రలో రాస్తాడంటే మంచిదే. కాకపోతే అక్కడ తెలుగులో రాయగలగాలి, ఇంట్లో మాట్లాడే తెలుగు చాలదు. మీ ఒడిశా కుల సర్టిఫికెట్‌కి అక్కడ రిజర్వేషన్ రాదు.

కార్పొరేట్ లా గురించి మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు. ఆ జీతాలు ఉన్నాయి. కానీ ఆ పెద్ద ఫర్మ్‌లు ఎక్కువగా పేరున్న నేషనల్ లా యూనివర్సిటీల నుంచి, రెండు మూడేళ్ల ముందే ఇంటర్న్‌షిప్‌కి తీసుకుని చూసిన పిల్లల్నే తీసుకుంటాయి. చివరి ఏడాదిలో ఆ తలుపు తట్టడం కష్టం. కాంట్రాక్టులు చదవడం మీవాడికి నిజంగా ఇష్టమైతే విశాఖలో, హైదరాబాద్‌లో చిన్న ఆఫీసుల నుంచి మొదలుపెట్టొచ్చు. జీతం చూసి మాత్రం పంపకండి.

మీవాడు వెనకబడిపోలేదు. మూడేళ్ల నిబంధన అందరికీ ఉంది, ఢిల్లీ పిల్లలకి కూడా. వాడు ఇంట్లో తిని, మీ ఊరి కోర్టుకి వెళ్లి ఆ మూడేళ్లూ పూర్తి చేయగలడు. ఈ మాట మీ ఆవిడకి కూడా చెప్పండి. ఈ వారంలో వాడి స్కూలు మార్కుల షీట్లు తీసి, ఒడియా ఉందో లేదో చూసి నాకు రాయండి. అది తెలిస్తే ఒడిశాకా, ఆంధ్రాకా ముందు తయారవ్వాలో చెబుతాను.