ముందు కోయినా పగలాలి

అమ్మలూ,

శ్రీశైలం డ్యామ్ మీద కంప్యూటర్లో భూకంపం మోడల్ చేస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రాత్రంతా నిద్ర లేదు, సంతోషం సగం, టెన్షన్ సగం. రెండు నెలల్లో అయిపోతుందన్నావట. అలా ఎలా అన్నావు తల్లీ? 145 మీటర్ల ఎత్తు డ్యామ్ అది, దాని కింద ఎంతమంది నిద్రపోతున్నారో గుర్తుందా?

తేలికవి ముందు చెప్పేస్తాను. సొంత బరువు, నీటి ఒత్తిడి, అప్‌లిఫ్ట్ (డ్యామ్ని అడుగునుంచి పైకి నెట్టే నీటి ఒత్తిడి) పెట్టాకే కుదుపు ఇవ్వు. నీటికి 1933 నాటి వెస్టర్‌గార్డ్ అదనపు ద్రవ్యరాశి (ఊగే నీటిని డ్యామ్‌కి అంటిన బరువుగా లెక్కేయడం) మొదటి అంచనాకి చాలు, కానీ డ్యామ్ వంగదు, నీరు నొక్కుకోదు అనుకుని కట్టిన లెక్క అది. పునాది రాతికి ద్రవ్యరాశి ఇచ్చావంటే, అంచుల్లో అలల్ని పీల్చుకునే ఏర్పాటు ఉండాలి. నేల మీద నమోదైన భూకంపం రికార్డును అలాగే తీసుకెళ్లి మోడల్ అడుగున పెట్టకు.

ఇక నేను చేసిన తప్పు. నాకు ముప్పై ఏళ్లప్పుడు ఒక పాత డ్యామ్ లెక్క అప్పగించారు. నెల రోజులు కూర్చుని రన్ చేస్తే ఎక్కడా పగులు రాలేదు, ఎంత పొంగిపోయానో. రిపోర్టు పట్టుకెళ్తే మా పెద్దసారు కనీసం తెరవలేదు. "ఇదే పద్ధతిలో కోయినా చేశావా?" అన్నారు. చేయలేదు.

కోయినా కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. 1967 డిసెంబర్ 11, తెల్లవారుజాము, అందరూ నిద్రలో ఉండగా మహారాష్ట్రలో కోయినా డ్యామ్ దగ్గర భూకంపం వచ్చింది. 103 మీటర్ల డ్యామ్‌ని 0.05 జీకి (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం) డిజైన్ చేస్తే వచ్చిన కుదుపు దానికి దాదాపు పది రెట్లు. పైనుంచి 36 మీటర్ల కింద, దిగువ ముఖం వాలు మారే మెడ దగ్గర, రెండు ముఖాల మీదా అడ్డంగా పగుళ్లు వచ్చాయి, నీరు ఊరింది. డ్యామ్ నిలబడింది. చుట్టుపక్కల ఇళ్లు కూలి దాదాపు 180 మంది పోయారు.

ఆ కొలతలు, ఆ భూకంపం రికార్డు నా మోడల్లో పెట్టి నడిపాను. కోయినా పగల్లేదమ్మా. నిజంగా పగిలిన డ్యామ్ నా కంప్యూటర్లో చెక్కుచెదరకుండా నిలబడింది. నాకు ఒళ్లంతా చల్లబడింది.

మూడు వారాలు వెతికితే దొరికింది. డ్యాంపింగ్‌ని, అంటే ఊగడాన్ని అణిచే శక్తిని, కాంక్రీటు మొదటి దృఢత్వంతో ముడిపెట్టి వదిలేశాను. ఎలిమెంట్, అంటే మోడల్లో ఒక చిన్న ముక్క, పగిలి దాని బలం పోయినా డ్యాంపింగ్ మాత్రం పాత బలంతోనే లెక్కలో ఉండిపోయింది. పగులు వేగంగా తెరుచుకోబోయినప్పుడల్లా, అసలు లేని ఆ శక్తి రెండు అంచుల్నీ జిగురులా పట్టుకుంది. పైగా మెడ దగ్గర మెష్ (ఆ ముక్కల వల) పెద్ద పెద్ద గళ్లు, ఒత్తిడి పోగుపడే చోటే సగటైపోయి చిన్నదిగా కనబడింది. రెండూ దిద్దాక కోయినా పగిలింది, మెడ దగ్గరే. ఆ పాత డ్యామ్ కూడా పగిలింది. నా సంతకంతో మొదటి రిపోర్టు వెళ్లిపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ కొన్ని రాత్రులు నన్ను లేపుతుంది.

అందుకే నువ్వు డ్యాంపింగ్‌ని ఎప్పటికప్పుడు మారే దృఢత్వంతో కట్టు, పగిలే ఎలిమెంట్లలో ఆ డ్యాంపింగ్ శక్తి ఎంతుందో విడిగా చూడు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రంగుల బొమ్మ చూసి మురిసిపోవద్దు. తిడుతున్నానని అనుకోకు.

కోయినా నది కరాడ్ దగ్గర కృష్ణలోనే కలుస్తుంది తెలుసా? నీకు ఆరేళ్లప్పుడు శ్రీశైలం గేట్లు ఎత్తితే నా భుజాలెక్కి చూశావు, తుంపర మొహాన పడి ఏడ్చావు, దిగమంటే మాత్రం దిగలేదు. ఆ పిల్ల ఇప్పుడు దాని బలం లెక్క కడుతోంది.

శ్రీశైలం ఫైలు ఇప్పుడే తెరవకు. ముందు కోయినా నడిపి నాకు పంపు. పగులు రాకపోయినా పంపు, ఆ ఆదివారం ఫోన్ పెట్టుకుని ఇద్దరం కలిసి వెతుకుదాం.

నీ మావయ్య