కోవిడ్ కాలంలో పిల్లల మనసులకు ఏమైంది: పదో తరగతి ఉపాధ్యాయురాలిగా నేను చూసినది

కోవిడ్ కాలంలో పిల్లల మానసిక ఆరోగ్యం నిజంగానే దెబ్బతిన్నదా, లేక ఇళ్లలో ఉండి ఫోన్లకు అలవాటు పడటాన్నే మనం పెద్దది చేసి చెబుతున్నామా, ఆ ప్రభావం ఇంకా మిగిలి ఉందా, ఉంటే తల్లిదండ్రులు ఏమి గమనించాలి అని మీరు అడిగారు. నేను మానసిక వైద్యురాలిని కాను. తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. 2020 మార్చిలో మా బడి నుంచి పదో తరగతి పరీక్షలకు వెళ్లిన పిల్లలను, వారు ఇంటర్‌లో చేరాక కూడా, దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది.

దెబ్బతిన్నదనే నా సమాధానం. అయితే అందులో ఫోను వాటా మనం అనుకున్నంత పెద్దది కాదు. వ్యాధి భయం కూడా మొదటి ఏడాదిలో చాలామంది పిల్లలకు అంతగా లేదు. మొదలుపెట్టినది ఏదీ పూర్తి కాకపోవడమే వారిని ఎక్కువగా కుంగదీసిందని నా అభిప్రాయం. పరీక్షలు సగంలో ఆగాయి, పదో తరగతి పిల్లలకు వీడ్కోలు సమావేశమైనా జరగలేదు, కొన్ని ఇళ్లలో చనిపోయినవారికి దినకర్మలు కూడా బంధువుల మధ్య జరగలేదు.

ఆ పదో తరగతి పిల్లల సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే వారి మీద పడినంత అనిశ్చితి మరే తరగతి మీదా పడలేదు. 2020 మార్చి 19న మొదలైన పరీక్షలు మూడు పేపర్లు జరిగాక హైకోర్టు ఆదేశంతో ఆగిపోయాయి. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. మిగిలిన పేపర్లు ఎప్పుడు పెడతారో తెలియక పిల్లలు దాదాపు రెండున్నర నెలలు గడిపారు. పుస్తకం మూయాలంటే భయం, తెరవాలంటే విసుగు. చివరకు జూన్ 8 నుంచి పరీక్షలని కొత్త తేదీలు ఇచ్చారు, సరిగ్గా ఆ జూన్ 8ననే పరీక్షలు రద్దు చేసి, అంతర్గత మార్కుల ఆధారంగా 5.34 లక్షల మందినీ ఉత్తీర్ణులను చేస్తున్నామని ప్రకటించారు. ఆ పరిస్థితుల్లో ప్రభుత్వానికి వేరే దారి ఉందని నేను అనను. ఇళ్లలో సంతోషించారు, మిఠాయిలు పంచినవారూ ఉన్నారు. కానీ ఏడాది పొడవునా తెల్లవారుజామున లేచి చదివిన పిల్లలకు తమ శ్రమను ఎవరూ చూడకుండానే ముగించినట్టు అనిపించింది. చివరి పరీక్షల్లో కోలుకుందామని ఆగిన పిల్లలకు ఆ అవకాశమే పోయింది. ఊళ్లో వారికి 'కరోనా బ్యాచ్' అనే పేరు పడింది. పెద్దలు నవ్వుతూ అన్న ఆ మాటను పిల్లలు నవ్వుతూ తీసుకోలేదు.

అదే పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరం దాదాపుగా కళాశాల చూడకుండా గడిపారు. 2021లో వారి పరీక్షలు జరపకుండానే రెండో సంవత్సరానికి పంపి, మళ్లీ అక్టోబర్ 25 నుంచి ఆ మొదటి సంవత్సరం పరీక్షలనే పెట్టారు. డిసెంబర్ 16న ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసిన 4.59 లక్షల మందిలో ఉత్తీర్ణులు 49 శాతం మాత్రమే. ఆ తరువాతి రోజుల్లో కొందరు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. డిసెంబర్ 24న నాటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి తప్పినవారందరికీ కనీస మార్కులు 35 వేసి ఉత్తీర్ణులను చేస్తున్నట్టు ప్రకటించారు. మా బడిలో చదివి బైపీసీ తీసుకున్న ఒక అమ్మాయి ఆ ప్రకటన తరువాత నన్ను కలిసింది. ఆ వారం రోజులూ ఇల్లు దాటి బయటకు రాలేదని వాళ్ల అమ్మ చెప్పింది. ఆ అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ముందు ఫెయిలై తర్వాత పాసైనట్టు మెమోల తెలుస్తదా మేడమ్?" బోర్డు దృష్టిలో సమస్య తీరింది, ఆ పిల్ల మనసులో తీరలేదు.

ఇక టీవీ పాఠాల విషయం. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీ శాట్‌లోనూ పాఠాలు ప్రసారమయ్యాయి. మేము ఇళ్లకు వెళ్లి వర్క్‌షీట్లు ఇచ్చి వచ్చేవాళ్లం. దేశవ్యాప్తంగా గ్రామాల్లో పిల్లల చదువుపై 2021లో జరిగిన అసర్ సర్వే ప్రకారం స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లలో కూడా పిల్లల్లో నాలుగో వంతుకు పైగా అది చేతికి అందలేదు. మా ఊరి ఇళ్లలో ఆ ఫోను తండ్రితో పనికి వెళ్లేది, సాయంత్రం వచ్చాక ముందు అన్నకు దక్కేది, చెల్లికి మిగిలేది చార్జింగ్ అయిపోయిన ఫోను. ఆ చలికాలం మా పిల్లల్లో చాలామంది పత్తి ఏరడానికి వెళ్లారు. ఉపాధ్యాయురాలిగా ఇది చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది కానీ, తోటివారితో కలిసి చేనుకు వెళ్లిన పిల్లలు ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవారికంటే హుషారుగా కనిపించారు. పొద్దున లేవడానికి ఒక కారణం, మాట్లాడటానికి నలుగురు, అలసిపోయి పట్టే నిద్ర వారికి దొరికాయి. వారు కోల్పోయింది చదువు, అందులో కొందరు మళ్లీ బడికి రానే లేదు. పట్టణంలో ఉన్న మా బంధువుల పిల్లలకు అన్నీ సమకూరినా రాత్రి రెండింటికి పడుకుని మధ్యాహ్నం లేచేవారు.

అన్నిటికంటే లోతైన గాయం 2021 ఏప్రిల్, మే నెలలది. మా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడి తండ్రిని హైదరాబాద్‌లో ఆసుపత్రికి తీసుకువెళ్లారు, తల్లికి కూడా పాజిటివ్ రావడంతో పిల్లవాణ్ణి మేనమామ ఇంట్లో ఉంచారు. శవం ఊరికి రాలేదు, దహనం అక్కడే జరిగిపోయింది. చిన్నవాడు కదా, తట్టుకోలేడని చాలా రోజుల తరువాత గానీ అతనికి సంగతి చెప్పలేదు. సెప్టెంబర్ 1న బడులు తెరిచినప్పుడు అందరితోపాటు వచ్చాడు, నవ్వాడు, నోటు పుస్తకం రాశాడు. ఎంత గట్టివాడు అని మేమందరం అనుకున్నాం. దసరా సెలవుల తరువాత ప్రతిరోజూ మొదటి పీరియడ్‌లో కడుపునొప్పి అనడం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే ఏమీ లేదన్నారు. బడి ఎగ్గొట్టే సాకు అన్నవారూ ఉన్నారు. ఒక సాయంత్రం హరితహారం మొక్కలకు నీళ్లు పోస్తూ, నా ముఖం చూడకుండా, "మా నాయిన చనిపోయిండని ఎట్ల నమ్మాలె మేడమ్, ఎవ్వరు చూడలే గద" అన్నాడు.

వాళ్ల అమ్మతో, మేనమామతో మాట్లాడాను. ఏ ఆసుపత్రి, ఎన్ని రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు, చివరిసారి ఫోనులో ఏమి మాట్లాడాడు అన్నీ ఆ పిల్లవాడికి దాచకుండా చెప్పారు. సంవత్సరీకానికి బంధువులందరినీ పిలిచి, కార్యక్రమమంతా అతని చేత చేయించారు. ఈలోగా జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుడి దగ్గరకు కూడా కొన్నాళ్లు తిరిగారు. నొప్పి పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. ఇటువంటి పిల్లలు ఎందరో ఊహించడానికి ఒక లెక్క చెబుతాను: 2020 ఏప్రిల్ నుంచి 2022 జనవరి 11 వరకు కోవిడ్ వల్లనో ఇతర కారణాల వల్లనో తల్లినో తండ్రినో ఇద్దరినో కోల్పోయిన పిల్లలు దేశంలో 1,47,492 మంది అని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సుప్రీంకోర్టుకు తెలిపింది. కోవిడ్‌తో ఇద్దరినీ కోల్పోయినవారికి కేంద్రం తరఫున పీఎం కేర్స్ నిధి నుంచి 23వ ఏట పది లక్షల రూపాయలు అందే ఏర్పాటు జరిగింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అలాంటి పిల్లల పేర పది లక్షల డిపాజిట్ ప్రకటించింది. డబ్బు అవసరమే, చాలా అవసరం. తండ్రి ఒక్కడే పోయిన మా అబ్బాయి లాంటివారు మాత్రం ఆ కేంద్ర పథకం పరిధిలోకి రాలేదు, వారి దుఃఖం గురించి అడిగే పని ఎవరి ఉద్యోగంలోనూ లేదు.

బడులు తెరిచాకే అసలు బాధ బయటపడింది అనడానికి మరికొన్ని సంగతులు ఉన్నాయి. నలభై ఐదు నిమిషాలు కూర్చోలేకపోవడం, పేరు పిలిస్తే ఉలికిపడటం, చిన్న మాటకే కొట్లాట, తెలిసిన జవాబుకు కూడా చేయి ఎత్తకపోవడం తరగతిలో రోజూ కనిపించేవి. మాస్కు తీయమంటే ఇష్టపడని ఆడపిల్లలు చాలామంది ఉండేవారు. పదమూడు, పద్నాలుగేళ్లలో మారిన ముఖాన్ని స్నేహితులకు చూపించడానికి సిగ్గు. ఎన్‌సీఈఆర్‌టీ 2022 మొదటి మూడు నెలల్లో 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగినప్పుడు ఆందోళనకు కారణంగా 81 శాతం మంది చెప్పింది చదువు, పరీక్షలు, ఫలితాలు. అంతకుముందు ఏడాది జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ వివిధ దేశాల్లోని 29 అధ్యయనాలను కలిపి చూసి, దాదాపు నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు, ఐదుగురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు ఉన్నాయని తేల్చింది.

మీరు అడిగిన చివరి విషయం, ఏమి గమనించాలి అన్నది. పిల్లలు "నాకు బాధగా ఉంది" అని చెప్పరు. కడుపునొప్పి, తలనొప్పి, కోపం, తలకిందులైన నిద్ర, ఇష్టమైన ఆట మానేయడం, ఇవే వారి బాధకు గుర్తులు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే వైద్యుడికి చూపించండి. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అంటే నోరు విప్పరు, పక్కపక్కన ఏదో పని చేస్తున్నప్పుడు విప్పుతారు. బతకాలని లేదు అన్న అర్థం వచ్చే మాట ఏది విన్నా, చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని నిపుణులు స్పష్టంగా చెబుతున్నారు. అటువంటప్పుడు పిల్లను ఒంటరిగా వదలకూడదు. మన దగ్గర ఉన్న పెద్ద అడ్డంకి సిగ్గు. హైదరాబాద్‌లో మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ పేరు ఎత్తితే చాలు, ఇంట్లో మాట ఆగిపోతుంది. యూనిసెఫ్ 2021లో 21 దేశాల యువతను అడిగితే, మానసిక సమస్యకు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదన్నవారు సగటున 83 శాతం, మన దేశంలో 41 శాతం.

ప్రభావం మిగిలి ఉందా అంటే, వయసును బట్టి ఉంది. అప్పట్లో ఒకటి, రెండు తరగతుల్లో ఉన్నవారు ఇప్పుడు మా బడికి వస్తున్నారు. చదవడంలో వెనుకబాటు కనిపిస్తుంది కానీ మనసులు తేలికగానే ఉన్నాయి. ఏడు నుంచి పది తరగతుల మధ్య ఉన్నవారిలోనే, ఇప్పుడు డిగ్రీలో, ఉద్యోగాల్లో ఉన్నవారిలో, పరీక్ష అనగానే చేతులు వణికేవారిని నేను ఇంకా చూస్తున్నాను. మీ ఇంట్లో అటువంటివారు ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రాత్రి పగలు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు మాట్లాడనంటే తల్లిదండ్రులే ముందుగా చేసి, ఏమి చూశారో చెప్పి సలహా తీసుకోవచ్చు.