ఎక్స్86 (ల్యాప్‌టాప్ ప్రాసెసర్)లో సరిగ్గా నడిచే లినక్స్ కెర్నల్ కోడ్ ఆర్మ్64 ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద పాత డేటా ఎందుకు ఇస్తోంది? రాసే వైపు బారియర్ (మెమరీలో రాసే, చదివే వరుస మారకుండా ఆపే ఆదేశం) పెట్టినా తగ్గలేదు, వోలటైల్ వాడాలా?

వోలటైల్ వద్దు. అది కంపైలర్ వరుస మార్చకుండా ఆపుతుందే తప్ప సీపీయూను కాదు.

రాసే వైపు ఎస్ఎంపీ_డబ్ల్యూఎంబీ (రాతల వరుస కాపాడే బారియర్) పెట్టానన్నారు సరే, చదివే వైపు సంగతేంటి? మీరిచ్చిన కోడ్ ముక్కలో ఫ్లాగ్ ('డేటా సిద్ధం' అని చెప్పే గుర్తు) చూసి నేరుగా డేటా చదివేస్తున్నారు. బారియర్ ఒక్క వైపే ఉంటే లేనట్టే లెక్క. రాసే సీపీయూ ఎంత పద్ధతిగా డేటా ముందు, ఫ్లాగ్ తర్వాత బయటపెట్టినా, చదివే సీపీయూ డేటాను ముందే లాగేసుకుని ఆ తర్వాత ఫ్లాగ్ చూస్తే దొరికేది పాతదే.

"ఇఫ్ ఉంది కదండీ, ఫ్లాగ్ చూడకుండా లోపలికెలా వెళ్తుంది?" అంటారేమో. వెళ్తుంది. సీపీయూ బ్రాంచ్ ఎటు పోతుందో ఊహించి లోపలి లోడ్‌ను (మెమరీ నుంచి చదవడాన్ని) ముందే చేసేస్తుంది. ఊహ నిజమైతే ఆ విలువనే వాడుకుంటుంది. షరతు తర్వాత లోడ్ కాకుండా స్టోర్ (రాయడం) ఉంటే ఈ బెడద లేదు, ఊహ తేలేదాకా ఆ రాతను మిగతా సీపీయూలకు చూపించదు. ఎక్స్86లోనైతే లోడ్ల మధ్య వరుస, స్టోర్ల మధ్య వరుస బయటికి మారవు. స్టోర్‌ను దాటి తర్వాతి లోడ్ ముందుకు రావడం ఒక్కటే జరుగుతుంది. అందుకే మీ ల్యాప్‌టాప్‌లో ఎన్నాళ్లు నడిపినా ఈ తప్పు దొరకదు.

అచ్చం ఇలాంటిదే నాకు ఒక నెట్‌వర్క్ డ్రైవర్‌లో తగిలింది. బోర్డుతో పాటు వచ్చిన డ్రైవర్ అది. ఎప్పుడో ఓసారి ప్యాకెట్ పొడవు తప్పు వచ్చేది. చూస్తే రింగులో (నెట్‌వర్క్ పరికరం, సీపీయూ పంచుకునే స్లాట్ల వరుస) అదే స్లాట్‌లో అంతకుముందున్న ప్యాకెట్ పొడవు! ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో సందేశం రాసే ఫంక్షన్) పెడితే మాయం, తీస్తే ప్రత్యక్షం (ఈ లక్షణం కనిపిస్తే నేను ముందు వరుసనే అనుమానిస్తాను). డిస్క్రిప్టర్‌లో (స్లాట్‌లో ప్యాకెట్ వివరాలుండే చోటు) 'పని అయింది' బిట్ చూడటానికీ, పొడవు చదవడానికీ మధ్య డీఎంఏ_ఆర్ఎంబీ (పరికరం రాసినవాటిని చదివే వరుస కాపాడే బారియర్) లేదు. ఒక్క లైన్ చేర్చాం, పోయింది. అక్కడ ఎస్ఎంపీ రకం పెట్టకూడదు. అవి సీపీయూల మధ్య వరుసకే, ఒకే సీపీయూకు కట్టిన కెర్నల్‌లో వట్టి కంపైలర్ బారియర్లుగా మిగులుతాయి. డోర్‌బెల్ రిజిస్టర్‌కు (పరికరానికి 'పని ఉంది' అని చెప్పే చోటు) రాయడానికి రైట్ఎల్ ఫంక్షన్ వాడితే బారియర్ అందులోనే ఉంటుంది. వేగం కోసం బారియర్ లేని రైట్ఎల్_రిలాక్స్‌డ్‌కు మారితే ఆ వరుస మీ బాధ్యత.

మీ కోడ్‌లో రెండు వైపులా సీపీయూలే కాబట్టి ఫ్లాగ్ రాసేచోట ఎస్ఎంపీ_స్టోర్_రిలీజ్ (ముందున్నవన్నీ అయ్యాకే రాసేది), చదివేచోట ఎస్ఎంపీ_లోడ్_అక్వైర్ (తర్వాతివాటికంటే ముందే చదివేది) పెట్టండి. ఉన్న డబ్ల్యూఎంబీ తీసేయండి. అయితే 'నా ఫ్లాగ్ రాసి, అవతలివాడి ఫ్లాగ్ చదువుతా' అనే రకం కోడ్‌కు ఈ జంట చాలదు. అక్కడ రెండు వైపులా ఎస్ఎంపీ_ఎంబీ (రాతలు, చదువులు అన్నింటి వరుసా కాపాడే పూర్తి బారియర్) ఉండాల్సిందే, ఎక్స్86లో కూడా. ఇంతకీ ఇది వేగం తప్పనిసరైన దారేనా? కాకపోతే స్పిన్‌లాక్ (ఒకేసారి ఒక్కరినే లోపలికి పంపే తాళం) పెట్టి హాయిగా నిద్రపోవచ్చు.

పెట్టే ప్రతి బారియర్ పక్కనా దాని జత ఏ ఫంక్షన్‌లో ఉందో కామెంట్ రాయండి, లేకపోతే చెక్‌ప్యాచ్ (కెర్నల్ కోడ్ శైలిని తనిఖీ చేసే స్క్రిప్ట్) ఎలాగూ అడుగుతుంది. ఇంకా అనుమానముంటే లినక్స్ 4.17 నుంచి కెర్నల్ సోర్స్‌లోనే, టూల్స్ కింద, మెమరీ మోడల్ (ఏ వరుసలు సాధ్యమో చెప్పే నియమాలు) ఉంది. మీ రెండు ఫంక్షన్ల సారాన్ని చిన్న లిట్మస్ టెస్ట్‌గా (వరుసను పరీక్షించే చిన్న ప్రోగ్రామ్) రాసి, 'ఫ్లాగ్ కొత్తది, డేటా పాతది' అన్న స్థితి సాధ్యమా అని, ఆ టెస్ట్‌ను ఈ నియమాలతో పరీక్షించే హెర్డ్7 టూల్‌ను అడగండి. 'నెవర్' అని రావాలి. 'సమ్‌టైమ్స్' అని వస్తే ఆ కోడ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.