డాకర్‌కు పోని డాకర్ రేసు

పోయిన నెల ఇదే పేజీలో, ఎన్ని సీసీల బండి కొనాలని అడిగిన ఒకాయనకు జవాబిస్తూ "మీరేం డాకర్ రేసుకు పోవట్లేదు కదా, వంద సీసీ చాలు" అని రాశాను. ఆ ఒక్క ముక్క మీద ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజీలు వస్తాయని అనుకోలేదు. అడిగిన పెద్దమనిషి మాత్రం మళ్ళీ పత్తా లేడు. సరే, ఈసారి పేజీ మొత్తం ఎడారిలో రెండు వారాలు నడిచే ఆ బండ్ల రేసుకే ఇచ్చేద్దాం.

ప్రశ్న: సార్, మా జీకే పుస్తకంలో డాకర్ అంటే సెనెగల్ రాజధాని అని ఉంది. యూట్యూబ్‌లో చూస్తే డాకర్ ర్యాలీ సౌదీ ఎడారిలో జరుగుతోంది. ఏది కరెక్ట్? అసలు ఈ రేసు ఎవరు మొదలుపెట్టారు? – డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: రెండూ కరెక్టే తమ్ముడూ. పరకాలలో హోటల్ పెట్టి హైదరాబాద్ బిర్యానీ అని బోర్డు కడితే మనం ఏమీ అనం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఈ బోర్డు వెనక పెద్ద కథ ఉంది.

1977లో తియెరీ సబీన్ అనే ఫ్రెంచి ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని అబిజాన్ నుంచి ఫ్రాన్స్‌లోని నీస్ దాకా జరిగే రేసులో యమహా ఎక్స్‌టీ 500 మీద పోతూ సహారాలో దారి తప్పాడు. ఎటు చూసినా ఇసుకే. ఇక అయిపోయింది అనుకున్న టైములో వెతకడానికి వచ్చిన విమానం కంట పడ్డాడు కాబట్టి బతికాడు. మనమైతే ఇంటికొచ్చి కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ ఆ దిక్కు మొహం చూడం. ఆయన ఇంటికొచ్చి, అదే ఎడారి మీదుగా పారిస్ నుంచి డాకర్ దాకా రేసు పెడతానన్నాడు, పెట్టాడు కూడా. 1978 డిసెంబర్ 26న పారిస్‌లో 182 బండ్లు బయల్దేరాయి. అప్పట్లో బైకులు, కార్లు, లారీలు అన్నీ ఒకే లెక్క. సుమారు 10,000 కిలోమీటర్లు పోయి జనవరిలో డాకర్ సముద్రం ఒడ్డుకు చేరినవి 74 మాత్రమే. అందరికన్నా ముందు నిలిచింది సిరిల్ నెవూ అనే 22 ఏళ్ళ కుర్రాడు, అదీ కార్లను కాదని ఒక బైకు మీద, సబీన్ దారి తప్పిన ఆ ఎక్స్‌టీ 500 మోడల్ మీదే. తరవాత అతను మరో నాలుగుసార్లు గెలిచాడు.

సబీన్ ఎక్కువ కాలం లేడు. 1986 జనవరి 14న రేసు నడుస్తుండగానే మాలి దేశంలో హెలికాప్టర్ కూలి చనిపోయాడు, ఆ హెలికాప్టర్‌లోనే ఫ్రెంచి గాయకుడు డేనియల్ బలవాన్ కూడా ఉన్నాడు. రేసు ఆగలేదు. దారి మాత్రం మారుతూ వచ్చింది, 1992లో ఏకంగా కేప్‌టౌన్ దాకా పోయింది, 2000లో డాకర్‌లోనే మొదలై కైరోలో ముగిసింది. 2008లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో అందరూ హెల్మెట్లు సర్దుకుని కూర్చున్నాక, రేపు బయల్దేరాలనగా రద్దు చేశారు. అంతకు కొద్దిరోజుల ముందే మారిటానియాలో నలుగురు ఫ్రెంచి టూరిస్టులను కాల్చి చంపారు, టెర్రరిస్టుల బెదిరింపులు వచ్చాయి. ఆ దెబ్బతో ఆఫ్రికా వదిలేసి 2009 నుంచి 2019 దాకా దక్షిణ అమెరికాలో, 2020 నుంచి సౌదీలో పెడుతున్నారు. పేరుకు మాత్రం అంత గిరాకీ వచ్చాక ఎవరు మారుస్తారు చెప్పు.

ప్రశ్న: ఫోన్‌ల మ్యాప్ పెట్టుకుంటే అయిపాయె కద సార్, ఇంక దారి ఎట్ల తప్పుతరు? – ఆటో డ్రైవర్, భూపాలపల్లి

జవాబు: ఈ రేసు మొత్తంలో అసలు పాయింటు అదే అన్నా, మిగతావాళ్ళంతా సీసీలు, స్పీడు అని అడిగారు. ఫోన్ మ్యాప్ వాడనివ్వరు. జీపీఎస్ పరికరం ఉంటుంది కానీ అది దారి చూపించదు, నువ్వు దాటాల్సిన చోటు దాటావా లేదా అని లెక్క రాసుకోవడానికే ఎక్కువ. చేతిలో ఉండేది రోడ్‌బుక్ ఒక్కటే. చాలా ఏళ్ళు అది పొడుగాటి కాగితం చుట్ట, హ్యాండిల్ మీద డబ్బాలో పెట్టి బొటనవేలితో స్విచ్చి నొక్కుతుంటే గడియారం ముల్లులా మెల్లగా తిరిగేది. సాయంత్రం క్యాంపులో ఆ చుట్ట ఇస్తే, స్కూలు పిల్లల్లా రంగు పెన్నులు పట్టుకుని గుర్తులు పెట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ట్యాబ్లెట్ వచ్చింది, రంగులు పోయాయి.

అందులో ఏముంటుందంటే, ఇన్ని కిలోమీటర్లు పోయాక ఇన్ని డిగ్రీల దిక్కుకు తిరుగు, ఎండిన వాగు దాటు, గుంత ఉంది చూసుకో. మన ఊళ్ళలో దారి అడిగితే ఎట్ల చెబుతారు? "పోచమ్మ గుడి కాడ ఎడమకు మళ్ళు, కిలోమీటరు పోయినంక చింతచెట్టు వస్తది, అక్కడ వాగు దిగు, జర పైలం." రోడ్‌బుక్ అంటే అచ్చం ఇదే, చెప్పే మనిషి ఉండడు అంతే. మనవాళ్ళు 'జర పైలం' అన్నచోట వాళ్ళు ఆశ్చర్యార్థకాలు పెడతారు, ఒకటి ఉంటే కొంచెం చూసుకో, మూడు ఉంటే మాత్రం నిజంగానే ప్రాణం మీదికి వస్తుంది. ఇదంతా వంద కిలోమీటర్ల స్పీడులో నిలబడి నడుపుతూ చదవాలి. ఒక్క గుర్తు పొరపాటు పడితే ఇరవై నిమిషాలు హుష్‌కాకి, అందుకే అందరికన్నా స్పీడుగా నడిపేవాడు గెలుస్తాడన్న గ్యారంటీ లేదు.

ఇసుక సంగతి నన్నడగండి. ఒక జాతరప్పుడు మేడారం పోతూ, వంతెన మీద జనం ఉన్నారని తెలివిగా జంపన్న వాగులోకి బండి దించాను. పది గజాలు పోయానో లేదో భయమేసి ముందు బ్రేకు పట్టాను. ముందు చక్రం సగం దిగబడి బండి పక్కకు ఒరిగింది, వెనక కూర్చున్న మా బావమరిది బెల్లం మూటతో సహా ఇసుకలో పడ్డాడు. ఇసుకలో బ్రేకు పట్టొద్దని, బరువు వెనక్కి వేసి యాక్సిలరేటర్ వదలకుండా పోవాలని తరవాత తెలిసింది. వీళ్ళు రెండు వారాలు రోజుకు వందల కిలోమీటర్లు అట్లాగే పోతారు.

ప్రశ్న: హీరో కంపెనీ కూడా ఆ రేసులో ఉందంటున్నారు. స్ప్లెండర్ ఇంజనే మార్చి పెడతారా? పంక్చర్ అయితే ఎవరు వేస్తారు? – టూవీలర్ మెకానిక్, జమ్మికుంట

జవాబు: ట్యాంకు మీద పేరు తప్ప ఏదీ కలవదు అన్నా. స్ప్లెండర్ 97.2 సీసీ, ఆ రేసు బండి 450 సీసీ. సింగిల్ సిలిండరే కానీ మొత్తం రేసు కోసమే కట్టిన బండి. పెట్రోలు ముప్పై లీటర్లకు పైనే పడుతుంది, ఎందుకంటే 250 కిలోమీటర్ల దాకా మళ్ళీ పోసుకునే చోటు దొరక్కపోవచ్చు. పంక్చర్ అన్న మాటే లేదు, టైరులో ట్యూబు బదులు మెత్తటి నురగ రబ్బరు చుట్ట దూరుస్తారు, ముల్లు దిగినా గాలి పోదు, పోవడానికి అందులో గాలి ఉంటే కదా. నీకిది నచ్చే వార్త కాదనుకో.

450 సీసీ లిమిటు 2011 నుంచి. 80లలో బీఎండబ్ల్యూ వాళ్ళు వెయ్యి సీసీ దాకా ఉన్న దున్నపోతుల్లాంటి బండ్లు తోలారు. తరవాత హోండా, యమహా, కజీవా, ఆపైన 2001 నుంచి 2019 దాకా ఒక్క ఏడాది కూడా వదలకుండా కేటీఎంవే గెలిచాయి, 2008 రద్దయింది కాబట్టి లెక్కకు 18 రేసులు. 2020లో హోండా మీద రికీ బ్రాబెక్ ఆ వరస తెంపాడు. హీరో సంగతికొస్తే 2022లో ఒక రోజు పందెం గెలిచింది, 2024లో బోట్స్వానా రైడర్ రాస్ బ్రాంచ్ మొత్తం రేసులోనే రెండో స్థానం తెచ్చాడు. మన దేశం కంపెనీకి అంతకు ముందు ఎప్పుడూ రాలేదు.

మీలాంటివాళ్ళకు నచ్చేది ఇంకోటి. మెకానిక్ లేకుండా వచ్చే రైడర్లకు వేరే విభాగం ఉంది. ఒక పెట్టె, ఒక టెంటు, అంతే. పగలంతా తోలి, రాత్రి నెత్తికి లైటు కట్టుకుని తన ఆయిల్ తనే మార్చుకుని, తన చైన్ తనే బిగించుకుని పడుకోవాలి. గెలిచినవాళ్ళకన్నా నాకు వీళ్ళంటేనే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చివరి సంవత్సరం. ఎప్పటికైనా డాకర్ పోతానని అంటున్నాడు. అందులో మనుషులు చనిపోతారంట కదా, నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, మంచిర్యాల

జవాబు: అబద్ధం చెప్పను అక్కా, చనిపోతారు. మొదటి రేసులోనే ఒక బైకు రైడర్ పోయాడు. ఇప్పటిదాకా రైడర్లు, డ్రైవర్లు, దారి పక్కన నిలబడ్డ పల్లె జనం, పిల్లలు, అందరూ కలిపి డెబ్బై మందికి పైనే. రేసు గురించి గొప్పగా రాసేవాళ్ళు ఆ పల్లెజనం లెక్క చాలాసార్లు వదిలేస్తారు, అది నాకు మింగుడుపడదు.

2020 జనవరి 12న పోర్చుగల్ రైడర్ పాలో గోన్‌సాల్వెస్ పడిపోయి చనిపోయాడు. హీరో టీమ్ బండి మీదే. నాలుగేళ్ళ ముందు ఇదే రేసులో తన పోటీదారు తొడ ఎముక విరిగి పడి ఉంటే, తన టైము పోతున్నా డాక్టర్ వచ్చేదాకా పక్కన కూర్చున్న మనిషి అతను. అతను పోయిన మర్నాటి బైకుల పందెం రద్దు చేశారు, హీరో టీమ్ రేసు నుంచి తప్పుకుంది. ఆ టీమ్‌లోనే ఉన్న జొవాకిం రోడ్రిగ్స్ అతనికి బావమరిది. 2022లో హీరో గెలిచిన రోజు అని పైన మెకానిక్ అన్నకు చెప్పానే, అది గెలిచింది ఈ రోడ్రిగ్సే.

ఇప్పుడు జాకెట్‌లో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, బండి ఎక్కడ ఆగినా తెలిసే పరికరం, డాక్టర్‌తో హెలికాప్టర్ అన్నీ ఉన్నాయి. అయినా ప్రమాదం ప్రమాదమే. మీకు ఒక్క ఊరట ఏంటంటే, సొంత డబ్బుతో పోవాలంటే ఖర్చు అరకోటి దాటుతుంది, పైగా ముందు వేరే పెద్ద ఎడారి ర్యాలీ ఏదైనా పూర్తి చేసి ఉండాలి. ముందు సప్లీలు రాయమనండి.

ప్రశ్న: మన దేశం నుంచి ఎవరైనా పోయారా? – పెద్దపల్లి

జవాబు: పోయారు. బెంగళూరు కుర్రాడు సి.ఎస్.సంతోష్ 2015లో మొదటివాడు, తొలిసారే పూర్తిచేసి 36వ స్థానంలో వచ్చాడు. 2021లో ఘోరంగా పడి తలకు దెబ్బ తగిలితే కొన్నాళ్ళు కోమాలో ఉంచారు, కోలుకున్నాడు. కేరళలో షొర్నూర్‌కు చెందిన హరిత్ నోవా 2021లో 20వ వాడు, 2024లో మొత్తం మీద 11వ వాడు, ర్యాలీ 2 అనే రెండో శ్రేణి విభాగంలో ఏకంగా మొదటివాడు. బండి టీవీఎస్ టీమ్‌ది.

వరంగల్‌లో నేర్చుకోవచ్చా అని కూడా అదే ఉత్తరం కింద అడిగారు. బండి తోలడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు, దారి చదవడం నేర్చుకోవాలంటే మాత్రం టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీలతో, అంటే చెప్పిన స్పీడులో పోయి చెప్పిన టైముకు చేరాల్సిన ర్యాలీలతో మొదలుపెట్టండి, వాటిలో రోడ్‌బుక్ అలవాటవుతుంది. వాగుల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. బండి కొనాలనుకున్న ఆ పెద్దమనిషీ, ఇది చదువుతుంటే ఏది కొన్నారో ఒక కార్డు ముక్క రాయండి.