ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కడ కనిపిస్తాయి?

నెట్ రావడం లేదని కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేస్తే ఐపీ (మీ కంప్యూటర్ అడ్రస్), గేట్‌వే (నెట్‌కు దారి ఇచ్చే రౌటర్ అడ్రస్), డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు అడ్రస్‌లు వెతికి ఇచ్చేది) చెప్పమన్నారనీ, అవి విండోస్‌లో ఎక్కడ ఉంటాయో తెలియడం లేదనీ మీరు అడిగారు. సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ విభాగంలో అవి ఉంటాయి కానీ, నేను ఎవరినీ ఆ దారిన పంపను. విండోస్ 7లో కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించిన పేజీ విండోస్ 10లో ఒక చోటికి, 2021లో వచ్చిన విండోస్ 11లో మరొక చోటికి మారింది. మారకుండా నిలిచినది కమాండ్ ఒక్కటే. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, తెరుచుకున్న నల్లటి తెరలో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాలలో కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, దానికి ఆనించి ఆల్ అని కొట్టి (ipconfig /all) ఎంటర్ నొక్కండి. మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉన్న భాగాలను వదిలేసి, ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస ఉన్న భాగాన్ని చూడండి.

ఆ వరుసను ఎవరికో చదివి వినిపించడం కాదు, ముందుగా మీరు అర్థం చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. గుంటూరు మిర్చి యార్డులో మా బావకు కమీషన్ కొట్టు ఉంది. సీజన్ మంచి ఊపు మీద ఉండగా, రైతులు తక్‌పట్టీల (అమ్మిన సరుకు లెక్క చీటీల) కోసం ఎదురు చూస్తున్న వేళ, లెక్కల కంప్యూటర్‌కు నెట్ ఆగిపోయింది. అదే రౌటర్ మీద ఫోన్లకు వైఫై చక్కగా వస్తోంది. కనెక్షన్ ఇచ్చిన కుర్రవాడు ఫోన్‌లోనే, చూడకుండానే, కంప్యూటర్‌లో నెట్ వైరు పెట్టే పోర్టు కాలిపోయిందనీ, కొత్త నెట్‌వర్క్ కార్డు కొనాలనీ తేల్చేశాడు. నేను వెళ్ళి ఆ కమాండ్ కొడితే అడ్రస్ 169.254తో మొదలైంది, గేట్‌వే ఖాళీగా ఉంది. మామూలుగా అడ్రస్ ఇచ్చేది రౌటర్; కంప్యూటర్ అడ్రస్ కావాలని అడిగినా ఎవరూ బదులు పలకకపోతే, విండోస్ తనకు తానుగా పెట్టుకునే అడ్రస్ అది. పోర్టే పోయి ఉంటే డిస్‌కనెక్టెడ్ అని కనిపించాలి కనుక, తప్పు రౌటర్‌కు వెళ్ళే దారిలో ఉందని నాకు నమ్మకం కుదిరింది. వైరు పట్టుకుని వెళ్ళి చూస్తే, గోడమీది చిన్న నెట్‌వర్క్ స్విచ్ (ఒక నెట్ వైరును పలు కంప్యూటర్లకు పంచే పెట్టె) నుంచి రౌటర్‌కు వెళ్ళే వైరు క్లిప్పు విరిగి, ప్లగ్గు సగం బయటికి జారి ఉంది. నొక్కి పెట్టగానే 192.168తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. బావ కార్డు కొనే పని తప్పింది.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. ఇంటికి వచ్చి బాగుచేసేవారు అడ్రస్‌నూ డీఎన్ఎస్‌నూ చేత్తో పెట్టి, ఎక్కడా రాసి ఇవ్వకుండా వెళ్ళిపోతారు. తరువాత రౌటర్ మారి, కొత్తది 192.168.1 బదులు 192.168.0 వరుస ఇస్తే, ఆ పాత అడ్రస్‌తో నెట్ పనిచేయదు, కారణం ఇంట్లో ఎవరికీ తెలియదు. అదే తెరమీద డీహెచ్‌సీపీ (రౌటర్ నుంచి అడ్రస్ తనంతట తానే తీసుకునే పద్ధతి) ఎనేబుల్డ్ ఎదుట నో అని ఉంటే అడ్రస్‌ను ఎవరో చేత్తో పెట్టారని అర్థం. అందుకే నెట్ బాగున్న రోజునే ఆ వరుసలను కాగితం మీద రాసి రౌటర్‌కు అంటించాలని చుట్టాలందరికీ చెబుతున్నాను.

మీ తెరమీద అడ్రస్, గేట్‌వే రెండూ సరిగ్గా ఉండి కూడా సైట్లు తెరుచుకోకపోతే, అదే నల్లటి తెరలో పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, 8.8.8.8 (గూగుల్ వారి డీఎన్ఎస్ అడ్రస్) కొట్టి ఎంటర్ నొక్కండి. జవాబు వస్తే లైను బాగున్నట్టే, చూడవలసినది డీఎన్ఎస్ వరుస. ఫోన్‌లో వారికి ఆ మాటే చెప్పండి.